మూత కింద ఎర్ర వైరు

మా అత్తగారు అన్నానికి ముందు పైకే ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలో పదకొండేళ్ళ పాటు నా చేతులకు ఒక వాక్యం ఉండేది. "మా పెద్దల్లుడి సేతులు దీవించు తండ్రీ" అనేవారు. వానలకూ, రోగులకూ, పిల్లల చదువులకూ అడగవలసినవన్నీ అడిగేశాక, ఆమెన్‌కి కాస్త ముందు ఆ మాట వచ్చేది. పప్పు చల్లారిపోతున్నా సరే, నేను కళ్ళు మూసుకుని దానికోసం కాచుకునేవాణ్ణి.

ఆవిడ అలా అడగడానికి కారణం ఉంది. ఒడిశాలోని రాయగడలో నాకు చిన్న రిపేరు దుకాణం. మిక్సీ, ఇండక్షన్ పొయ్యి, రిమోటు ఫ్యాను, వాషింగ్ మిషను, ఇళ్ళల్లో తిరిగేవీ వేడెక్కేవీ ఏవైనా నా బల్ల మీదికి వస్తాయి. మా నాన్న ఇక్కడి మునిసిపాలిటీలో నీళ్ళ పంపు నడిపేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉండిపోయిన కుటుంబం మాది. అత్తగారిది కోరాపుట్. నర్సుగా చేసి రిటైరయ్యారు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇద్దరూ ఆడపిల్లలు, నా భార్య పెద్దది. ఆ ఇంట్లో ఏది ఆగిపోయినా ఫోను నాకే వచ్చేది. నేను పొద్దుటి రైలెక్కి, సొరంగాలన్నీ దాటుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ ఆ ప్రార్థనకు అందేవాణ్ణి. ఆ ఇంట్లో నా విలువ అదే. అది నాకు చాలా ఎక్కువగానే ఉండేది.

తరవాత మా మరదలికి పెళ్ళయింది.

మరదలి మొగుడు కోరాపుట్ దగ్గరి దామంజోడిలో పెరిగినవాడు, ఇంజనీరింగు చదివాడు. విశాఖపట్నంలో వాషింగ్ మిషన్లకు బోర్డులు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆ బోర్డుల్లో నడిచే ప్రోగ్రాము రాస్తాడు. నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని చేసుకోమన్నారట. ఇంటి నుంచి అంటే అత్తగారింటి నుంచి. పెద్దావిడ ఒక్కతే ఉంటుందని వచ్చి తోడుంటున్నాడని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం దానికి ఇల్లరికం అని పేరు పెట్టుకున్నాను. మనసులోనే. పైకి అంటే మా ఆవిడ ఊరుకోదు.

మనిషి చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. నోట్లో వేలు పెట్టినా కొరకనివాడు. నన్ను అన్నయ్యా అంటాడు. నేను గుమ్మంలో కనబడితే లాప్‌టాప్ పక్కన పెట్టి లేచి నిలబడతాడు. అందుకు ఇంకా ఒళ్ళు మండేది.

అతని పనికీ నా పనికీ మధ్య నల్లటి చిప్పు ఒకటి అడ్డం. బోర్డు మీద రిలే కాలినా, కెపాసిటరు ఉబ్బినా నేను మార్చేస్తాను. వాసన చూసి ఏది పోయిందో చెప్పగలను. కానీ ఆ కాళ్ళున్న నల్ల చిప్పు పోతే బోర్డంతా పారేసి కొత్తది తెప్పించడమే. నీళ్ళు ఎంతసేపు రావాలి, డ్రమ్ము ఎటు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, అంతా దాని లోపలే రాసి ఉంటుంది. ఏ మీటరు పెట్టినా ఆ రాత చదవలేం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, అది ఏ భాషలో రాస్తారని.

"ఎక్కువగా సి అనే భాష అన్నయ్యా. పాత చిప్పుల్లో అసెంబ్లీ అని ఇంకో భాష ఉండేది. తెరలున్న ఫ్రిజ్జుల్లో టీవీల్లో ఇంకేవేవో వాడతారు గానీ, బట్టలుతకడానికి సి సరిపోతాది" అన్నాడు, కూరకు ఉప్పు సరిపోతుందన్నంత తేలిగ్గా.

నాకు ఐదు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు. గిరాకీలు మిషను దించి ఒరియాలో గోల పెడితే ఒరియాలోనే సముదాయిస్తాను. నారాయణపట్న వైపు కొండల నుంచి వచ్చేవాళ్ళతో వాళ్ళ దేశియా. పార్టులు పంపే వ్యాపారులతో హిందీ. మాన్యువల్ చదవడానికి సరిపడా ఇంగ్లీషు. ఐదింటిలో బేరమాడగలను, ఐదింటిలో తిట్టగలను. ఆరోది ఆ పిల్లాడికి వచ్చు, నాకు రాదు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోబోయాను. ఒక చిన్న బోర్డు తెప్పించి, దాని మీది ఎర్ర లైటును మిణుకుమిణుకుమనిపించడానికి పదకొండు రోజులు పట్టింది. అది వెలిగిన రోజున నాకెంత గర్వమో! ఆ ఆదివారం కోరాపుట్ వెళ్ళి మాట కలిపితే, ఆ లైటు పాఠం వాళ్ళకు కాలేజీలో మొదటిరోజు మొదటి గంటలో చెప్పారని తెలిసింది. అతను వెక్కిరించలేదు. "బాగా సేసేరన్నయ్యా" అన్నాడు. వెక్కిరించి ఉంటే బాగుండేది.

పోయిన వానాకాలం పిడుగు పడి అత్తగారి వాషింగ్ మిషను బోర్డు మాడిపోయింది. ఆ సంగతి నాకు అత్తగారి నుంచి రాలేదు, మా ఆవిడ చెప్పింది. "సెల్లి మొగుడు కొత్త బోర్డు తెస్తన్నాడంట. మీరు ఖాళీగా ఉంటే రమ్మంది అమ్మ."

ఖాళీగా ఉంటే! కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. దుకాణానికి తాళం వేసి, ఖాళీ లేకపోయినా వెళ్ళాను.

వెళ్ళేసరికి వెనక వసారాలో మిషను పక్కన అతను బోర్డు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కంపెనీ ఇంకా బజారులో పెట్టని బోర్డు. ప్రోగ్రాము మొత్తం తనదే. అందులో కోరాపుట్ కోసమని ఒక సంగతి పెట్టాడు. మా కొండల మీద వాన పడితే కరెంటు పోతుంది. పాత బోర్డు కరెంటు తిరిగి వచ్చాక అన్నీ మరిచిపోయి, ఎవరైనా బటన్ నొక్కేదాకా ఊరుకునేది. నొక్కితే పట్టిన నీళ్ళన్నీ వదిలేసి మళ్ళీ మొదటికి వచ్చేది. కుళాయి పొద్దున్న గంటసేపు వచ్చే ఇంట్లో ఆ నీళ్ళు పోతుంటే అత్తగారు ఉసూరుమనేవారు. "దీనికి మందు లేదత్తా" అని నేను పదకొండేళ్ళు చెప్పాను. ఆ మందు ఇతను లాప్‌టాప్‌లో రాసుకొచ్చాడు. కరెంటు పోతే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, రాగానే అక్కడి నుంచే అందుకుంటుంది.

"మూత తెరిచి ఉంటే తిరగదు. అందుకే ఆలస్యం కూడా పెట్టలేదు, కరెంటు రాగానే మొదలెట్టేస్తాది" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "లోపల వైర్లన్నీ మీకే తెలుసు కదన్నయ్యా. కలిపేముందు మీరోసారి సూస్తారా?" అని అడిగాడు.

నేను పై పలక విప్పాను. మూత కింద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. మూత తెరిచారో మూశారో చిప్పుకు చెప్పేది అదే. ఆ స్విచ్చి రెండు కొసలనూ కలుపుతూ రెండంగుళాల ఎర్ర వైరు ముక్క కనబడింది. నాలుగేళ్ళ కిందట నేనే వేశాను. ఈ చెమ్మకు ఆ స్విచ్చి తుప్పు పడుతుంది, మూత మూసినా తెరిచే ఉందని మిషను మొరాయిస్తుంది. కొత్త స్విచ్చి రావాలంటే వారాలు. అందుకని వైరు ముక్క వేసి, మూత ఎప్పుడూ మూసే ఉందని మిషన్ను నమ్మించి, స్విచ్చి వచ్చాక మారుద్దాం అనుకుంటాం. తరవాత ఎవ్వరం మార్చం. రాయగడ నుంచి కోరాపుట్ దాకా ఈ పని చెయ్యని మెకానిక్కును నేను చూడలేదు. పాత బోర్డు బటన్ నొక్కితే తప్ప కదిలేది కాదు గనక, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ముక్క చూడగానే నాకు ముందు కలిగింది సిగ్గు. అంత శుభ్రమైన బోర్డు తెచ్చినవాడి కంట నా నాటు పని పడకూడదనిపించింది. "నువ్వు టార్చి పట్టుకో, నేను కలుపుతాను" అని భుజం అడ్డం పెట్టాను. దాని మీద నల్ల టేపు ఇంకో చుట్టు చుట్టి, పలక బిగించేశాను. "అన్నీ బాగానే ఉన్నాయి" అన్నాను.

బట్టలు వేసి నడిపించాడు. డ్రమ్ము జోరుగా తిరుగుతుండగా ప్లగ్గు పీకాడు. ఆగింది. మళ్ళీ పెట్టాడు. ఎవరూ బటన్ ముట్టలేదు, డ్రమ్ము ఎక్కడ ఆగిందో అక్కడినుంచే ఝుమ్మని అందుకుంది. అత్తగారు తడి చేతులతోనే చప్పట్లు కొట్టారు. "ఓలమ్మో, దీనికి గేపకం ఉన్నాది!" అన్నారు. మరదలు ఫోనులో వీడియో తీసింది.

అప్పుడు వెలిగింది నాకు. మూత మూసే ఉందని నా వైరు ఎప్పుడూ అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధాన్ని నమ్మి ఇతని ప్రోగ్రాము కరెంటు రాగానే తిప్పేస్తుంది. అత్తగారికి ఒక అలవాటుంది. కరెంటు పోతే ఊరుకోరు. మూత ఎత్తి, తెల్ల బట్టలు పైకి లాగి, చేత్తో పిండి ఆరేస్తారు. ఆ చెయ్యి లోపల ఉండగా కరెంటు వస్తే ఏమవుతుందో నాకు కళ్ళకు కట్టింది. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఈలోపు మరదలు అన్నానికి పిలిచింది. సరే, తినేటప్పుడు చెబుదాం, నలుగురి ముందు కాకుండా అతనికొక్కడికీ చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను.

అత్తగారు ప్రార్థన మొదలుపెట్టారు. వానలు అయ్యాయి, రోగులు అయ్యారు, పిల్లలు అయ్యారు. నేను కాచుకున్నాను. "మా సిన్నల్లుడి సేతులు దీవించు తండ్రీ" అన్నారు. ఆమెన్ అనేశారు. అంతే. నా పేరు ఎక్కడా లేదు.

నలభై దాటిన మనిషిని. ఇద్దరు పిల్లల తండ్రిని. ఒక్క మాట చేతులు మారితే ఇంత కుళ్ళుకుంటానని నాకు తెలియదు.  చెప్పబోయిన మాటను మింగి నోరు గట్టిగా మూసుకున్నాను. గొప్ప బోర్డు కదా, గొప్ప భాష కదా, చూద్దాం అనుకున్నాను. ఆవిడకు దెబ్బ తగలాలని కోరుకోలేదు. అతనికి తగలాలని కోరుకున్నాను. ఆ దెబ్బ ఎవరి చేతి మీదుగా తగులుతుందో ఆలోచించకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

సాయంత్రం రైల్లో ఫోను తీశాను. సొరంగం వచ్చి సిగ్నల్ పోయింది. సొరంగం దాటాక సిగ్నల్ వచ్చింది, నేను ఫోను జేబులో పెట్టేశాను. మర్నాడు కొత్త స్విచ్చి ఒకటి సంపాదించి సంచిలో వేసుకున్నాను కూడా. వెళ్ళి గుట్టుగా మార్చేస్తే ఎవరికీ తెలియదు. కానీ పిలవని పేరంటానికి వెళ్ళడమెందుకు? ఆవిడ పిలిస్తే వెళ్దాం, అప్పుడే మారుద్దాం. అలా రెండు వారాలు ఆవిడ ఫోను కోసం చూశాను. ఆ రెండు వారాలూ స్విచ్చి సంచిలోనే ఉంది.

పిలుపు వచ్చింది, మరదలి దగ్గర నుంచి. ఏడుస్తూ చెప్పింది. వానలో కరెంటు పోయిందట. అత్తగారు మూత ఎత్తి తెల్ల దుప్పటి లాగుతున్నారట. కరెంటు వచ్చింది. దుప్పటి మణికట్టుకు చుట్టుకుని డ్రమ్ముతో పాటు తిరిగింది. మరదలు పరుగెత్తి ప్లగ్గు పీకేలోపు ఎముక విరిగిపోయింది. కుడిచెయ్యి. ఆ ఊళ్ళో సగం మంది పిల్లలకు సూది వేసిన చెయ్యి.

మర్నాడు పొద్దుటి రైలుకు నేనూ మా ఆవిడా వెళ్ళాం. అత్తగారు మంచం మీద పిండికట్టుతో కూర్చుని ఉన్నారు. పక్కింటి ఆవిడ చూడ్డానికి వచ్చి, నన్ను చూడగానే, "పెద్దల్లుడుగోరు సేసినప్పుడు ఎప్పుడైనా ఇలాగయ్యిందా సెప్పు? సదువులెన్నుంటే ఏటి, అనుబవం ఉండాల" అంది. అత్తగారు కాదనలేదు. "బాబూ, ఆ మిషను నువ్వే సూడు ఇంక" అన్నారు నాతో. ఆ మాట వినగానే నాకు సంతోషం కలిగింది. విరిగిన చెయ్యి నా కళ్ళ ముందు ఉండగా కలిగింది. దీన్ని ఇంకో రకంగా చెప్పడానికి లేదు.

అతను వెనక వసారాలో ఉన్నాడు. ప్రోగ్రాము మొత్తం కాగితాల మీద అచ్చు తీయించి, నేల మీద పరుచుకుని, ఒక్కో లైనూ పెన్సిలుతో కొట్టుకుంటూ వెళ్తున్నాడు. గడ్డం మాసింది. ఆ రోజంతా అంతే, మర్నాడూ అంతే. నేను మిషను ముట్టుకోలేదు. అతను లేచినప్పుడు గుట్టుగా స్విచ్చి మార్చేద్దాం అనుకుంటే అతను లేవడు. మూడో రోజు మిగతావాళ్ళంతా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, నాకు టీ ఇచ్చి తనే మొదలుపెట్టాడు.

"తప్పు దొరకట్లేదన్నయ్యా. ఉన్నాది, లేకపోతే చెయ్యి ఎలా విరుగుతాది? నా కంటికి కనబడట్లేదంతే. ఈ బోర్డు ఆపెయ్యమని రేపు కంపెనీకి రాసేస్తాను. నేనూ మానేస్తాను. మనుషుల ప్రాణాలతో ఆడే పని నాకొద్దు."

నేను కోరుకున్నది అదే కదా. అక్షరం పొల్లుపోకుండా జరిగింది.

"ఈ లైను సూడండి" అని ఒక కాగితం నా చేతికిచ్చాడు. గుర్తులూ అంకెలూ ఏవో ఉన్నాయి. పక్కన రెండు వాలు గీతలు గీసి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది. "మూత తెరిచి ఉంటే తిరగకూడదు, అత్తయ్య చెయ్యి పెడతారు" అని. "గీతల పక్కన రాసింది మిషను సదవదు, నా కోసం రాసుకుంటాను" అన్నాడు.

నేను మళ్ళీ చదివాను. ఆ ఆరో భాషలో నాకు మొదటి నుంచి చివరి దాకా అర్థమైన మొదటి లైను అది. ఆ అలవాటు అతనికీ తెలుసు. వచ్చి రెండేళ్ళు కాలేదు, ఆవిడ చెయ్యి ఎక్కడ పెడుతుందో చూశాడు, చూసి దాని కోసం లైను రాశాడు. లైనులో తప్పేమీ లేదు.

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాను. పలక విప్పి, టేపు ఊడదీసి, ఎర్ర వైరు ముక్క కత్తిరించి అతని కాగితం మీద పెట్టాను. "ఇదిగో నీ తప్పు. నాది. బోర్డు పెట్టిన రోజే సూసేను. ఎందుకో సెప్పలేదు" అన్నాను. ఎందుకో నాకు బాగా తెలుసు.

అతను ఆ ముక్కను చాలాసేపు చూశాడు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళి, నాకు వీపు చూపిస్తూ గోడ దగ్గర నిలబడ్డాడు. తిట్టడానికి మాటలు కూడగట్టుకుంటున్నాడనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను. వెనక్కి వచ్చాక, "మూడు రోజులన్నయ్యా" అన్నాడు.  నేను కొత్త స్విచ్చి బిగిస్తుంటే టార్చి పట్టుకోలేదు. కాసేపటికి లాప్‌టాప్ తెరుస్తూ, నా మొహం చూడకుండా అడిగాడు. "ఇక్కడ అందరూ ఇలాగే వేస్తారా?"

"అందరం."

గబగబా ఏదో రాస్తూ అదేమిటో పైకి చెప్పాడు. బట్టలు వెయ్యాలంటే ఎవరైనా మూత తెరవాలి కదా, మూత ఒక్కసారైనా తెరిచినట్టు కనబడకపోతే అసలు మొదలుపెట్టకు అని. నా వైరు వేసిన మిషను ఇక కదలదు. అది రాసి, పక్కన రెండు గీతలు గీసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. "ఈ స్విచ్చికి మా వైపు వైరు వేస్తారు, అన్నయ్య చెప్పాడు" అని.

ఆ బోర్డు ఎన్నాళ్ళు ఇళ్ళకు వెళ్తుందో, ఆ వాక్యం అతని దగ్గర అన్నాళ్ళూ ఉంటుంది. ఆ భాషలో చోటు కోసం ఎంత ఏడ్చాను! ఇలా దొరికింది. చెప్పాడు అని రాశాడు, దాచాడు అని రాయలేదు. అక్కడ కూడా నాకు అతని మీద అసూయే కలిగింది. నేనైతే దాచాడనే రాసేవాణ్ణి.

"అత్తయ్యకి నేను సెప్పను. మీరే సెప్పాల" అన్నాడు.

వాళ్ళు ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నాలకు కూర్చున్నాం. అత్తగారికి రెండు చేతులూ కలపడానికి వీల్లేదు. పిండికట్టు మీద ఎడమ చెయ్యి ఆనించి కళ్ళు మూసుకోబోతుంటే ఆపాను.

"అత్తా, తప్పు సిన్నల్లుడిది కాదు. మూత స్విచ్చికి వైరు నేనేసేను. ఆ రోజే తెలిసింది నాకు, ఇలాగవుతాదని. తెలిసీ సెప్పలేదు."

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తగారు నన్నే చూశారు. "ఏల సెప్పలేదు బాబూ?"

అబద్ధాలు చాలా ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ నోటికి రాలేదు. "ఆ రోజు ప్రార్థనలో మీరు అతని సేతులే దీవించమన్నారు" అన్నాను. చిన్నపిల్లాడి మాటలా వినబడింది నాకే. తల ఎత్తలేదు.

 అత్తగారి గొంతు వినబడింది. ప్రార్థన మొదలుపెట్టారు. వానలు అడిగారు, రోగులకు అడిగారు, పిల్లలకు అడిగారు. ఎప్పటిలాగే.

"మా సిన్నల్లుడి సేతులు దీవించు తండ్రీ" అన్నారు. ఆమెన్ అనలేదు. "మా పెద్దల్లుడి సేతులు నువ్వెప్పుడో దీవించేవు. వాటికి లోటు నేదు. ఇకనుంచి ఆయన నోరు దీవించు."

అందరూ ఆమెన్ అన్నారు. అందరి తరవాత నేనూ అన్నాను.